రాయబారి ముద్ద ముట్టని రోజులు

మా ఇంటికీ మైకక్క ఇంటికీ మధ్య ఒకటే గోడ. అదీ ఒంటి ఇటుక గోడ. అవతల చెంచా కింద పడితే ఇవతల నేను వంగి వెతుక్కుంటాను. కట్టినవాడెవడో సిమెంటు మిగుల్చుకున్నాడు గానీ, నాకు మాత్రం ఇన్నేళ్లుగా కాలక్షేపానికి లోటు లేకుండా చేశాడు. కాబట్టి నేను చెప్పేదాంట్లో సగం కళ్లతో చూసింది, సగం చెవులతో విన్నది. పొంచి విన్నానని ఎవరైనా అంటే వాళ్లనే వచ్చి మా ఇంట్లో ఒక వారం కాపురం ఉండి చూడమంటాను.

మైకక్క బస్‌స్టేషన్లో అనౌన్సర్. మూడువైపులా గాజు ఉన్న చిన్న గది, బల్ల మీద మైకు, ఎదురుగా బస్సుల వేళల పట్టిక, పక్కన ఒక మంచినీళ్ల సీసా. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆమె డ్యూటీ. "ప్రయాణికులకు గమనిక" అని ఆమె గొంతు విప్పితే బెంచీల మీద కునికేవాళ్లంతా ఉలిక్కిపడి మూటలు సర్దుకుంటారు. ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో జనమంతా ఆ గొంతు మాట విని బస్సెక్కారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తప్ప ఇంకెవరికీ గుర్తు లేదు. యాభై రెండేళ్లొచ్చాయి, పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే బస్సు తప్పిపోయిందని నవ్వేస్తుంది. అందులో ఏదైనా కథ ఉందేమోనని నేను చాలా తవ్వాను, ఏమీ దొరకలేదు.

ఆ ఇంట్లో రెండో మనిషి ఆమె అన్న. ఆయన్ని వైండింగన్న అంటాం. కాలిపోయిన మోటార్లకీ, ఫ్యాన్లకీ పాత తీగ తీసేసి కొత్త రాగితీగ చుడతాడు. వీధి వైపు గదే దుకాణం. బల్ల మీద పిడి తిప్పి తీగ చుట్టే చట్రం, వార్నిష్ డబ్బాలు, తీగ తూచడానికి దూలానికి వేలాడే కొక్కెం కాటా. తీగ చుట్టేటప్పుడు చుట్లు లోలోపల లెక్కపెట్టుకుంటాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పి పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకని పెదాలు కదుపుతున్నంతసేపు ఆయన జోలికి ఎవరూ వెళ్లరు. ఈయనా ఒంటికాయ శొంఠికొమ్మే.

ఈ అన్నాచెల్లెళ్లు పన్నెండేళ్లుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే పొయ్యి మీద వండింది తింటారు, మొహం మొహం చూసుకోరు. రోజంతా ఊరందరితో మాట్లాడే మనిషి ఇంటికొచ్చి సొంత అన్నతో నోరు విప్పదంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు.

దానికి కారణం ఒకే ఒక్క మాట. వాళ్లమ్మ ఆఖరి నలభై రోజులు మంచం దిగలేదు. తిండి సహించేది కాదు. మైకక్క సెలవు పెట్టి పక్కనే కూర్చుని, పల్చటి జావ చెంచాతో పట్టేది. ఇంకొక్క చెంచా అమ్మా, ఇంకొక్క చెంచా అని బతిమాలడం నాకు గోడలోంచి రోజూ వినిపించేది. ఆ తల్లి పోయిన మర్నాడు, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, వైండింగన్న చెల్లెలితో అన్నాడు: "అమ్మని ఆఖరికి నీ చెంచాకి భయపడుతూ పోయేలా చేశావు." ఆ మాట నేనూ విన్నాను. కాసేపటికి చెంచా నేలకేసి కొట్టిన చప్పుడు వినిపించింది. అంతే. నన్నెవరైనా అలాంటి మాట అంటే వాడి రాగితీగతోనే వాడి నోరు కుట్టేసేదాన్ని. మైకక్క అలా కాదు. ఇల్లు వదిలిపోనూ లేదు, మాట కలపనూ లేదు.

మాట లేకుండా మనుషులు ఎన్నాళ్లుంటారు? సరిగ్గా ఆ వారంలోనే ఎవరో మోటారు మరమ్మతుకి తెచ్చిన అట్టపెట్టెలో ఒక పిల్లికూన బయటపడింది. బూడిదరంగు ఒళ్లు, తెల్లటి పాదాలు. మైకక్క దాన్ని ఒళ్లో పెట్టుకుని పాలు తాగిస్తూ, గోడకి చెప్పినట్టు దానితో చెప్పింది: "మీ మామయ్యకి చెప్పరా, భోజనం బల్ల మీద పెట్టానని." దుకాణంలోంచి జవాబొచ్చింది: "మీ అమ్మకి చెప్పరా, ఈ చుట్టు అయ్యాక వస్తానని."

అలా ఆ పిల్లి ఆమెకి కొడుకూ, ఆయనకి మేనల్లుడూ అయి కూర్చుంది. వాళ్లు నాన్నా, బుజ్జీ అంటారు. రాయబారి అని పేరు పెట్టింది నేను. అది ఎక్కడికీ వెళ్లి చెప్పక్కర్లేదు, అవతలి మనిషి వింటూనే ఉంటారు. దుకాణానికీ లోపలి గదికీ మధ్య గడప మీద పడుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు ఒక చెవి తిప్పేది. గ్యాసు అయిపోవచ్చిందని, తలుపు వేసుకోమని, కళ్లజోడు ఎక్కడుందని, అన్నీ దాని నెత్తిమీంచే. తిట్లు కూడా అంతే. మీ మామయ్యకి సిగ్గుందేమో అడగరా అని ఈవిడ అంటే, ఉందని చెప్పు నాన్నా, నిన్ననే ఉతికి ఆరేశానని చెప్పు అని ఆయన. ఇవతల నేను నోట్లో కొంగు కుక్కుకుని నవ్వుకునేదాన్ని. ఆ ఇంట్లో పన్నెండేళ్లపాటు పలికిన ప్రతి మాటా ఆ పిల్లితోనే పలికారు.

మొన్న వానలప్పుడు రాయబారికి జబ్బు చేసింది. వాంతులు, జ్వరం, కడుపు పట్టుకుంటే అరుపు. పశువుల ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచుకున్నారు. పేగుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. ఐదో రోజు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది. చుక్కల మందు, పొద్దున పది చుక్కలు, సాయంత్రం పది చుక్కలు. మందు క్రిములని చంపుతుంది గానీ బలం ఇవ్వదు, బలం తిండివల్లే రావాలి, పిల్లి తినకుండా రోజులు గడిస్తే కాలేయం దెబ్బతింటుంది, ఎలా తినిపిస్తారో మీ ఇష్టం అని చెప్పి పంపింది. నాలుగున్నర కిలోల పిల్లి మూడు కిలోలై తిరిగొచ్చింది. చంకన పెట్టుకుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటిగా చేతికి తగిలేవి.

ఇక మొదలైంది. మైకక్క ముల్లు తీసి ఉడికించిన చేప పెట్టింది. ముట్టలేదు. చల్లారితే వాసన రాదేమోనని వెచ్చబెట్టి పెట్టింది. కోడిమాంసం ఉడికించిన నీళ్లు, గుడ్డులో పచ్చసొన, వేలికి రాసుకున్న వెన్న. గిన్నె అంచుకి మీసాలు తగిలి చిరాకేమోనని గిన్నె తీసేసి పళ్లెం పెట్టింది. పళ్లెం తళతళకి భయమేమోనని తీసేసి పింగాణీ సాసరు పెట్టింది. ముందరి పాదానికి కాస్త చేప రాస్తే నాక్కుంటూ నాక్కుంటూ రుచి గుర్తొస్తుందని వీధి చివర పాలావిడ చెబితే అదీ చేసింది. పాదం అలాగే చేపతో ఎండిపోయింది, నాకలేదు. దగ్గరికి వచ్చి వాసన చూసేది, చప్పరించేది, నోట్లోంచి జొల్లు కారేది, తల పక్కకి తిప్పేసుకునేది. ఆకలి లేని పిల్లి అయితే దగ్గరికే రాదు కదా. ఇది వస్తుంది, చూస్తుంది, వెళ్లిపోతుంది. 

సాసరుకి ఒక పక్క ఈవిడ, ఇంకో పక్క ఆయన. ఇద్దరూ నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుని దాని మొహంలోకి చూస్తూ ఉండేవారు. అది మూతి కదిపితే ఇద్దరూ ముందుకి వంగేవారు. ఒకసారి నేను వెళ్లేసరికి ముగ్గురూ అలాగే ఉన్నారు. పరీక్ష రాసే పిల్లాడి నెత్తిన ఇద్దరు మేష్టర్లు నిలబడ్డట్టుందక్కా, వదిలేసి లేవండి అన్నాను. లేవలేదు.

ఆయన రోజూ పొద్దున్నే దాన్ని గుడ్డసంచిలో కూర్చోబెట్టి, రాగితీగ తూచే కొక్కేనికి తగిలించేవాడు. ఎంత తూగిందో దుకాణం తలుపు లోపలివైపు సుద్దతో రాసేవాడు. మైకక్క డ్యూటీ నుంచి వస్తూనే ఆ తలుపు వంక చూసేది. మూడు. రెండు తొమ్మిది వందలు. రెండు ఎనిమిది యాభై. మనిషి నడక కూడా ఆ అంకెతోపాటే తగ్గుతూ వచ్చింది.

ఇంకొక సంగతి నేను అది ఇంటికొచ్చిన రెండో రోజే గమనించాను. గోడ మూగబోయింది. మీ మామయ్యకి చెప్పరా లేదు, మీ అమ్మకి చెప్పరా లేదు. ఏంటక్కా, రాయబారాలు మానేశారా అని మెట్ల దగ్గర అడిగాను. "జబ్బుపడ్డవాడికి పనులు చెప్తామా?" అంది. ఆయన మనసులో కూడా అదే ఉన్నట్టుంది. మంచంపట్టిన మేనల్లుడి నెత్తిన కబుర్లు మోపడానికి ఇద్దరికీ చేతులు రాలేదు. అందుకని భోజనం ఎప్పుడు పెట్టిందో ఆయనకి తెలీదు, తిన్నాడో లేదో ఈవిడకి తెలీదు. ఆ ఇంట్లో పిల్లి ఒక్కటే కాదు, ఎవరూ సరిగ్గా తినడం లేదు.

ఏడో రోజున బస్‌స్టేషన్లో ఒక సంగతి జరిగింది. మా ఆయన ఆ టైముకి అక్కడే ఉన్నాడు కాబట్టి మాకు తెలిసింది. మైకక్క మామూలుగానే "ప్రయాణికులకు గమనిక" అంది. తర్వాత, "ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు పది నిమిషాల్లో తింటుంది" అంది. జనమంతా ఒక్క క్షణం తలెత్తి చూసి గొల్లున నవ్వారు. ఐదో నంబరు డ్రైవరు కిందకి దిగి, ఏం పెడుతున్నారో కనుక్కోండ్రా అన్నాడట. గాజుగదిలో ఆమె మైకు కట్టేసి, బల్ల మీద తల పెట్టుకుని, మళ్లీ లేచి సరిగ్గా చెప్పింది. మధ్యాహ్నానికి ఆ మాట ఊరంతా పాకింది. ఫ్యాను బాగుచేయించుకోవడానికి వచ్చినవాడొకడు వైండింగన్నకి కూడా నవ్వుతూ చెప్పాడట. ఆయన నవ్వలేదు. చుట్టిన తీగంతా విప్పి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మైకక్క మా గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు. ఏడుపు కూడా ఎండిపోయిన మొహం. "వాడు పోతే నాకేం మిగల్దమ్మాయ్," అంది. "అన్నయ్యకి మంచినీళ్లు కావాలో వద్దో కూడా నాకిక తెలీదు. ఆయన ఉన్నాడో లేడో కూడా తెలీదు." ఆయనతో మాట్లాడేస్తే పోలేదా అక్కా, ఇంకా ఎన్నాళ్లు అన్నాను. నా వంక చూసి లేచి వెళ్లిపోయింది. నా నోటికి తాళం లేదని మా అత్తగారు ఊరికే అనలేదు.

తొమ్మిదో రోజున తలుపు మీద అంకె రెండు ఏడు వందలు. రాయబారి లేచి నిలబడితే వెనక కాళ్లు పక్కకి జారాయి. మైకక్క సెలవు చెప్పింది, ఆయన దుకాణం మూశాడు. నేనే ఆటో పిలిచి ఇద్దరినీ ఎక్కించి మధ్యలో కూర్చున్నాను. బుట్టలో పిల్లి నా ఒళ్లో. దారిపొడుగునా అటుపక్కకి ఒకరు, ఇటుపక్కకి ఒకరు బయటికి చూస్తూ ఉన్నారు.

డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ చూపు మాత్రం పెద్దది. పిల్లి నోరు తెరిచి చూసింది, చిగుళ్లు నొక్కింది, చర్మం పట్టి లాగి వదిలింది. జొల్లు చూసి మొహం చిట్లించింది. మందు ఎలా ఇస్తున్నారని అడిగింది. చేపలో కలిపి, వేలితో నోట్లో రాసి, అన్నారు ఇద్దరూ ఒకేసారి. అది విని నేను ఇద్దరి వంకా చూశాను. మందు సీసా తెచ్చారా, ఎంత మిగిలిందో చూపించండి అంది డాక్టరమ్మ.

మైకక్క చేతిసంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టింది. వైండింగన్న చొక్కా జేబులోంచి ఒక సీసా తీసి దాని పక్కన పెట్టాడు. రెండూ ఒకే మందు. రెండూ అడుగంటాయి.

అప్పుడు బయటపడింది. మైకక్క పొద్దున అయిదింటికి డ్యూటీకి వెళ్లేముందు, మళ్లీ సాయంత్రం దీపం పెట్టేవేళకి పది చుక్కలు వేసేది. తన సీసా పొయ్యి పైన అరలో ఉండేది. ఆయన పొద్దున తొమ్మిదింటికి దుకాణం తెరిచేముందు, రాత్రి మూసేముందు పది చుక్కలు వేసేవాడు. ఆయన సీసా వార్నిష్ డబ్బాల మధ్యన ఉండేది. అవతలి మనిషి మందు సంగతి పట్టించుకోవడం లేదని ఇద్దరూ లోలోపల తిట్టుకుంటున్నారు కూడా. చీటీ ఒకటే, దాన్ని మందుల షాపుకి వేరువేరుగా పట్టుకెళ్లింది ఇద్దరు. మంత్రసానులు ఇద్దరైతే బిడ్డ తల వంకరని మా అమ్మమ్మ అనేది. ఆ మంత్రసానులు కనీసం ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు.

డాక్టరమ్మ అరవలేదు, అరిస్తే బాగుండేది. ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. ఇంత మందు పడితే కడుపులో తిప్పుతుంది, నోరంతా చేదు. పైగా ఇష్టమైన చేపలోనే కలిపారు కాబట్టి చేప కనబడితేనే దానికి వికారం. మందు ఇంక చాలు, ఆపేయండి. ఈ రాత్రికి కడుపు కుదుటపడనివ్వండి. రేపు ఏ మందూ కలపని మెత్తటి తిండి పెట్టండి, తినకపోతే సూది లేని సిరంజితో దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టండి. ఒకరు పట్టుకోవాలి, ఒకరు పట్టాలి, ఒక్కరివల్ల కాదు. ఎదురుగా కూర్చుని గుడ్లప్పగించి చూడకండి, పిల్లి అలా చూస్తే తినదు. రేపు సాయంత్రానికి కూడా కడుపులోకి ఏమీ వెళ్లకపోతే గొంతు పక్కనుంచి గొట్టం వెయ్యాలి, దానికి మత్తు ఇవ్వాలి, ఈ నీరసంలో మత్తు నుంచి లేస్తుందని నేను మాట ఇవ్వలేను అంది. చివరికి మీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారా అని అడిగింది. అవునని నేనే చెప్పాల్సొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మైకక్క చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది. చంపేస్తున్నాం అమ్మాయ్, ఇద్దరం కలిసి ముద్దుగా చంపేస్తున్నాం అంది నాతో. ఆయన విన్నాడు. విని ఆటో పక్క చువ్వని గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు కూడా మైకక్క సెలవే. పొద్దున చేప బదులు కోడిమాంసం మెత్తగా నూరి పెట్టారు. వాసన చూసి వెళ్లిపోయింది. పదకొండింటికి ఇంకోసారి పెట్టారు. ఈసారి జొల్లు కారలేదు గానీ మూతి పెట్టలేదు. మధ్యాహ్నం రెండున్నర అయ్యేసరికి ఇక సిరంజి తప్పదని తేలిపోయింది. నేను కూడా వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడ్డాను, పట్టుకోవడానికి నా చేతులు కూడా కావాలేమోనని.

నేల మీద పాత దుప్పటి పరిచారు. ఆయన పిల్లిని తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. తల ఒక్కటే బయటికి. కాస్త వెనగ్గా సాసరులో నూరిన మాంసం. ఆమె అందులోంచి కాస్త పల్చగా చేసి సిరంజిలోకి తీసుకుని దాని దవడ దగ్గర పెట్టింది. పిల్లి తల వెనక్కి లాక్కుంది. ఆమె మళ్లీ పెట్టింది. అది గొంతులోంచి సన్నగా, పసిపిల్ల మూలిగినట్టు మూలిగింది. ఆమె చెయ్యి వణకడం మొదలెట్టింది. సిరంజి కొన దాని పెదవికి తగలడం, జారిపోవడం. మాంసం నీళ్లు తువ్వాలంతా కారాయి. ఇంకొక్కసారి నాన్నా, ఇంకొక్కసారి అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తెలిసి తనే బిగుసుకుపోయింది.  ఆ గొంతూ ఆ బతిమాలడమూ నేను పన్నెండేళ్ల కిందట ఈ గోడలోంచే విన్నాను.

ఆయన తలెత్తలేదు. పిల్లి తల మీద చెయ్యి వేసి, పాత అలవాటున దానితోనే అన్నాడు: "మీ అమ్మకి చెప్పరా, చెయ్యి కాస్త నిబ్బరం చేసుకోమని."

పిల్లి చెవి కూడా కదపలేదు. మైకక్క సిరంజి నేలకేసి కొట్టింది. తువ్వాలు వదులై రాయబారి ఆయన ఒళ్లోంచి జారి, పాక్కుంటూ వెళ్లి వాళ్ల వెనక ఉన్న గిన్నెల బల్ల కింద దూరింది.

"వాడికి చెప్పకు," అంది. మొదటిసారి ఆయన కళ్లలోకి చూసి అంది. "వాడి నెత్తిన ఇంకేమీ పెట్టకు. నాకు చెప్పు."

ఆయన తువ్వాలు పక్కన పెట్టాడు. ఏం చెప్పమంటావన్నట్టు చూశాడు.

"అమ్మ నా చెంచాకి భయపడిందా? అది చెప్పు. చెంచా పట్టుకున్నప్పుడల్లా అదే నన్ను అడుగుతోంది. పన్నెండేళ్లయింది. ఇప్పుడు వీడు కూడా నా చెయ్యి చూసి మూలుగుతున్నాడు. నేను ఎవరికి తినిపించినా చంపడానికేనా? చెప్పు, నువ్వు చూశావు కదా."

చాలాసేపు ఆయన పెదాలు కదిలాయి. లెక్కపెడుతున్నాడేమో అనుకున్నాను.

"లేదు," అన్నాడు చివరికి. "భయపడలేదు. ఒకసారి నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నేను పెట్టాను. నా చేతి వార్నిష్ వాసనకి మొహం తిప్పేసుకుంది. నువ్వొచ్చి పెడితే నోరు తెరిచింది. గడపలో నిలబడి చూశాను. పోయే ముందు రోజు కూడా నీ చెంచాకి నోరు తెరిచింది. నాకు కుళ్లు పుట్టింది చెల్లీ. నేనూ కొడుకునే కదా అని. ఆ కుళ్లంతా మర్నాడు నీ మొహాన పోశాను."

ఇలాంటిచోట ఎవరైనా కావలించుకుని ఏడుస్తారనుకుంటాం. మైకక్కకి కోపం వచ్చింది. రావాలి కూడా. ఈ ఒక్క ముక్క చెప్పడానికి పన్నెండేళ్లు కావాల్సొచ్చిందా అని లేచి నిలబడింది. నువ్వు నన్ను అడగలేదు కదా అని ఆయన. నువ్వు పలకరించావా అని ఈవిడ. ఇద్దరి గొంతులూ లేచాయి. బస్‌స్టేషన్‌కి సరిపడే గొంతు ఆ వంటగదిలో పట్టలేదు. నేనూ నాలుగు అక్షింతలు వేద్దామని నోరు తెరిచాను గానీ సందు దొరకలేదు.

"నేను అడిగాను," అన్నాడాయన, గొంతు దిగిపోతూ. "నువ్వు డ్యూటీకి వెళ్లాక రోజూ వాడిని అడిగేవాణ్ని, మీ అమ్మకి కోపం తగ్గిందా అని. వాడేమీ చెప్పలేదు."

అప్పుడు నేను చూశాను. ఆయన కూడా ఎప్పుడు లేచాడో, ఇద్దరూ బల్ల వైపుకి వీపు పెట్టి ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక, బల్ల కిందనుంచి తెల్లటి ముందరి పాదం ఒకటి బయటికొచ్చింది. తర్వాత తల. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ ఇంట్లో ప్రతి మాటా దానితోనే ఆడారు, ప్రతి కన్నూ దాని మీదే ఉండేది. ఇవాళ తనని ఎవరూ చూడటం లేదు, తనకి ఎవరూ ఏమీ చెప్పడం లేదు. రాయబారి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ సాసరు దాకా వెళ్లింది. వాసన చూసింది. తల తిప్పుకోలేదు. మూతి పెట్టింది.

నాలుక చప్పుడు ముందు ఆమెకి వినిపించింది. మాట మధ్యలో ఆగిపోయింది. ఆయనా ఆగిపోయాడు. వాళ్లు ఆగగానే వెనక చప్పుడు కూడా ఆగింది. పిల్లి తలెత్తి చూస్తోంది. ఆయన వెనక్కి తిరగబోతే మైకక్క ఆయన మణికట్టు పట్టుకుంది.

"తిరక్కు," అంది గొంతు తగ్గించి. "మాట్లాడుతూ ఉండు. ఆపకు."

ఏం మాట్లాడాలో ఆయనకి తోచలేదు. ఆమెకీ తోచలేదు. పన్నెండేళ్ల పోట్లాట అయిపోయింది, వాళ్ల దగ్గర ఇంకో మాట లేదు. నేను గుమ్మంలో నిలబడి, ఏదో ఒకటి అనండి అని చేతులతో సైగలు చేస్తున్నాను. సాసరు దగ్గర పిల్లి ఒక చెవి ఇటు తిప్పి ఎదురుచూస్తోంది. ఇంకొక్క క్షణం ఆగితే వెళ్లిపోయేట్టుంది. 

"ప్రయాణికులకు గమనిక," అంది మైకక్క.

మెల్లగా, మైకులో చెప్పే మాటనే జోలపాట స్వరంలోకి దించి అంది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు మరికొద్దిసేపట్లో బయల్దేరుతుంది. చప్పుడు మళ్లీ మొదలైంది. తర్వాతది ఏమిటని ఆయన అడిగాడు. రెండో నంబరు బస్సు అరగంట ఆలస్యంగా నడుస్తోంది అని చెప్పింది. ఎందుకని ఆలస్యం అన్నాడు. ఎందుకో మాకు చెప్పరన్నయ్యా అంది. ఆ పిలుపు వినగానే ఆయన కళ్లు నిండిపోయాయి, తుడుచుకోవడానికి చెయ్యి కదపలేదు. ఆమె చెంపల మీంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, ఆమె కూడా కదల్లేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందని సామెత. ఆ రోజు ఆ ఇంట్లో కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డది మనుషులు. పిల్లి కళ్లు తెరిచే తింటోంది.

మూడో నంబరు అయింది, నాలుగో నంబరు అయింది. సాసరు నేల మీద కొంచెం జరిగి కిర్రుమంది. అడుగున ఉన్నది నాకుతోందన్నమాట. "ఐదో నంబరు ప్లాట్‌ఫారం మీద ఉన్న బస్సు," అని మొదలెట్టి మైకక్క ఆగిపోయింది. 

"చెప్పు," అన్నాడు వైండింగన్న. "ఐదో నంబరు బస్సు ఏం చేస్తుందో ఊరంతా విన్నారుగా. అదే చెప్పు."

"తింటుంది," అంది మైకక్క. "తింటుందన్నయ్యా."

సాసరు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ వెనక్కి తిరగలేదు.